ఐదు గట్లు

నేను చేసే పని గురించి చుట్టాలకి చెప్పాల్సి వస్తే మా అమ్మ "అడవుల మీద ఏదో రీసెర్చ్" అంటుంది. నాతో ఫోన్లో మాత్రం "ఇంత చదువూ చదివి పెంట ఏరుకోవడమేమిటే" అంటుంది. రెండోదే నిజం. కొల్లేటి పక్కన చేపల చెరువుల గట్ల మీద వంగి నడుస్తూ, బావురు పిల్లి వేసిన పెంట ఏరి, గొట్టాల్లో పెట్టి హైదరాబాద్ ల్యాబ్‌కి పంపడం నా ఉద్యోగం. తాడేపల్లిగూడెంలో మా నాన్న టైలరింగ్ షాపుకి వచ్చేవాళ్లలో ఒక్కరికి కూడా ఈ సంగతి తెలియదు. తెలియకుండా మా అమ్మ కమరున్నీసా బేగం గారు చాలా శ్రద్ధ తీసుకుంటారు.

బావురు పిల్లి ఇంటి పిల్లికి రెండింతలుంటుంది. ఒంటి మీద నల్ల చుక్కలు, పొట్టి తోక. నీళ్లలోకి దూకి చేపని పట్టుకుంటుంది. రెండేళ్లలో నేను దాన్ని చూసింది ఒక్కసారి, అదీ వీపు మాత్రమే. చూడక్కర్లేదు కూడా. అది వేసిన పెంటలో దాని పేగుల నుంచి రాలిన కణాలుంటాయి, వాటిలో డీఎన్ఏ ఉంటుంది. అది చదివితే ఆడదో మగదో, ఎవరి బిడ్డో, పక్క గట్టు మీది దానికి ఏమవుతుందో అన్నీ తెలుస్తాయి. పెళ్లి సంబంధాలు కుదిర్చేవాళ్లు కూడా అంత కూపీ లాగరు.

కెమెరాలు పెట్టొచ్చు కదా అంటారు అందరూ. పెట్టాం. మొదటి నెలలోనే రెండు మాయమయ్యాయి. మూడోది నాలుగు వేల ఫోటోలు తీసింది. అన్నిట్లోనూ యోబు గారి కాళ్లే.

యోబు గారు ఆ చెరువుల కాపలాదారు. అరవై రెండేళ్లుంటాయి. గుండుగొలను దగ్గర హైవే దిగి లంకల వైపు పద్నాలుగు కిలోమీటర్లు వెళ్తే వరసగా ఐదు చెరువులు, ఐదు గట్లు. మొదటి గట్టు మొదట్లో ఆయన తాటాకు పాక, దాని పక్కన మనిషెత్తు కిక్కిస గడ్డి, ఆ వెనక కొల్లేరు. పదేళ్ల కిందట భార్య యేసమ్మ గారు పోయారు. పిల్లల్లేరు. మేత లారీ పది రోజులకోసారి వస్తుంది. డ్రైవరు ఇంజనైనా ఆపకుండా బస్తాలు దింపించి పోతాడు. చెరువులో చేపలు పట్టించే పట్టుబడి రోజున తప్ప యజమాని కనిపించడు. పొద్దున్నే చేపల మేతకి తవుడు సంచులు చెరువులోని వెదురు గడలకి కట్టడం, ఆ తర్వాత సాయంత్రం దాకా రేకు డబ్బా కొట్టి నీటికాకుల్ని తోలడం, ఇదీ యోబు గారి పని.

ఇంకో పని కూడా ఉంది, అది ఎవరూ చెప్పింది కాదు. చెరువులో తేలిన చేపల్లోంచి ఒకటి తీసి మొదటి గట్టు మూలన ఒక రాయి మీద పెడతారు. అది యేసమ్మ గారు చేపలు తోమిన గరుకు రాయి. పిల్లి వాటా పిల్లికి ఇచ్చేస్తే అది చెరువులోకి దిగదని ఆవిడ అనేవారట. యజమాని పిల్లికి బిచ్చం పెట్టని మనిషని చెప్పి, ఆయన చేపే రోజూ పిల్లికి పోతోందని యోబు గారు తనలో తనే నవ్వుకునేవారు.

నేను గురువారం గురువారం వెళ్లేదాన్ని. మొదటి మూడు వారాలు మొదటి గట్టు మీద తప్ప ఎక్కడా ఏమీ దొరకలేదు. నాలుగో వారం మూడో గట్టు మీద దొరికింది. తర్వాత రెండో దాని మీద, ఐదో దాని మీద. యోబు గారు కర్ర పట్టుకుని నా వెనకే నడిచేవారు. ఏ గట్టు మీది పెంట ఎవరిదో ఆయనే చెప్పేవారు. మొదటి గట్టు పెద్దావిడది. రెండోది కుంటోడిది. మూడో గట్టు మీద ఇద్దరు కవలలు. నాలుగో గట్టుకి కొత్తగా కాపురానికొచ్చిన కోడలూ, తోక తెగిన మొగుడూ. ఐదో గట్టు మీద ఒక సిగ్గరి ఉంది, అది ఆయనకే ఎప్పుడూ మొహం చూపించదట. మొత్తం ఏడుగురు. నేను నవ్వుతూనే నోటుబుక్కులో అన్నీ రాసుకున్నాను. మూడో గట్టు దగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది, ఫ్లాస్కులోంచి టీ పోసేవారు. ఐదూ తిరిగి పాకకి వచ్చేసరికి నాలుగు. అప్పుడు అన్నం, మామిడికాయ వేసిన చేపల పులుసు. తినకుండా బయల్దేరితే ఊరుకునేవారు కాదు.

నా సంగతి కూడా చెప్పాలి. ఏలూరులో మేడ మీద ఒక గదిలో ఉంటాను. నా పెళ్లి పదకొండు నెలల్లో ముగిసింది. అందులో చెప్పుకోదగ్గ గొడవ కూడా ఏమీ లేదు, అదే బాధ. ఒంటికాయ సొంటికొమ్ము బతుకుకి అలవాటు పడ్డాననే అనుకునేదాన్ని. ఒకసారి లెక్కేసి చూసుకుంటే వారం మొత్తమ్మీద నేను నోరారా మాట్లాడేది గురువారమే. మిగతా రోజుల్లో కూరగాయల ధర అడుగుతాను, అమ్మకి తిన్నానని చెప్తాను, అంతే.

మార్చిలో ల్యాబ్ నుంచి జ్యోత్స్న ఫోన్ చేసింది. నేను పంపే గొట్టాలన్నీ చదివేది తనే. ఉపోద్ఘాతాలు తనకి చేతకావు.

"నలభై మూడు శాంపిల్సూ ఒకటే యాస్మిన్."

"ఒకటేనంటే?"

"ఒకటే పిల్లి. ఆడది. ఏడు కాదు, రెండు కాదు."

 తనే చెప్పుకుపోయింది. ఆ పిల్లి డీఎన్ఏ మొత్తం, అంటే జీనోమ్, చదివారు. తల్లి నుంచి వచ్చిన సగమూ, తండ్రి నుంచి వచ్చిన సగమూ చాలా చోట్ల పొడుగ్గా ఒకేలా ఉన్నాయి. అంటే దాని తల్లీ తండ్రీ తోబుట్టువులై ఉండాలి.

"మనం మేనరికాలు చేసుకుంటాం. దానికైనా ఒక వరసుంటుంది కదా," అంది జ్యోత్స్న. "వరస చూసుకోవడానికి పాపం దాని అమ్మకి ఇంకెవరూ దొరకలేదు. ఇది పుట్టేనాటికే అక్కడ ఎవరూ లేరు."

ఆ తర్వాత గొంతు మార్చి అడిగింది. "నువ్వు గ్లవుజులు వేసుకోవట్లేదా? మొదటి గట్టువి శుభ్రంగా ఉన్నాయి. మిగతా నాలుగు గట్ల వాటి మీద మనిషి డీఎన్ఏ కూడా ఉంది, బాగా ఉంది."

"నేను గ్లవుజులు లేకుండా ముట్టుకోను."

"నీది కాదులే. మగమనిషిది."

ఆ రోజు సోమవారం. ఫోన్ పెట్టేసి స్కూటీ తీశాను. గుండుగొలను దాకా ఏం చూసుకుంటూ నడిపానో నాకే తెలియదు. రెండేళ్లు నా చెవిలో పువ్వు పెట్టాడు ఈ ముసలాయన అన్నదొక్కటే తలలో తిరుగుతోంది.

పాక దగ్గర బండి ఆగగానే యోబు గారు బయటికొచ్చారు. ఆయన మొహం ఎంత వెలిగిందో ఇప్పటికీ నాకు గుర్తుంది.

"అదేంటండి, ఇవాళ సోమవారం కదండీ! రండి మేడం గారండీ, రండి. ఇప్పుడే టీ పెడతానండి."

"యోబు గారూ, మిగతా నాలుగు గట్ల మీద పెంట ఎవరు పెడుతున్నారండీ?"

ఆయన పొయ్యి దగ్గర వంగినవారు అలాగే ఉండిపోయారు. "పిల్లేనండి."

"దాని మీద మగమనిషి చేతి ఆనవాళ్లున్నాయండీ. ల్యాబ్‌లో తేలింది."

 ఆయన లేచి లోపలికి వెళ్లి ఒక బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. లోపల పేపరు ముక్కల్లో పొట్లాలు కట్టిన ఎండు పెంట, మూడు పొట్లాలు. రాబోయే గురువారాల కోసం.

"ఏమీ అనుకోకండి మేడం గారండీ. ఒక్క గట్టు మీదే దొరికితే మీరు అరగంటలో బండెక్కేస్తున్నారండి. మొదటి మూడు వారాలూ అలాగే వెళ్లిపోయారండి, టీ అన్నా తాగలేదండి. ఐదు గట్లయితే సాయంత్రం దాకా ఉంటారు కదండీ."

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "కబుర్లు కావాలంటే రేడియో కొనుక్కోండి," అన్నాను. "నా రెండేళ్ల పని బూడిదలో పోశారు." ఆయన తల వంచుకుని "ఆయ్" అన్నారు. పొయ్యి మీద టీ పొంగి నిప్పుల మీద పడింది. నేను బండి తిప్పేశాను.

ఏప్రిల్, మే నెలలు ఫారెస్టు వాళ్లిద్దర్ని తీసుకుని ఆకివీడు వైపు దాకా గట్లన్నీ కాలినడకన గాలించాను. నీటికుక్కల పెంట దొరికింది, నక్కలది దొరికింది, ఊరకుక్కలది కావలసినంత దొరికింది. బావురు పిల్లిది మాత్రం ఎక్కడా లేదు. యోబు గారు చెప్పినవి అబద్ధాలే. కానీ ల్యాబ్ చెప్పింది మారలేదు. మేము గాలించిన అంత మేరకీ ఉన్నది ఆ ఒక్కటే.

అలా వదిలేస్తే అది ఇంకో ఐదారేళ్లు రాయి మీది చేప తిని, ఒకనాడు కిక్కిసలో చచ్చిపోతుంది. దాంతో పాటు కొల్లేటి పిల్లుల కథ కంచికి పోతుంది. తోడున్న చోటికి చేరిస్తే దాని రక్తమైనా మిగులుతుంది. ఏ చోటికన్నది కూడా జీనోమే చెప్పింది. గోదావరి సముద్రంలో కలిసే మొగలో ఉన్న పిల్లుల కంటే కృష్ణా మొగలోని మడ అడవి పిల్లులు దీనికి దగ్గర. అక్కడి వాటితో కలిస్తే పిల్లలు గట్టిగా పుడతాయని జ్యోత్స్న రాసిచ్చింది. అనుమతులు వచ్చేసరికి నవంబరు అయింది.

బోను తీసుకెళ్లి మొదటి గట్టు మూలన పెట్టాం. యోబు గారు నాకు నమస్కారమండి అన్నారు. అంతకు మించి మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఎనిమిది రోజులు బోనులో బతికున్న చేపల్ని పెట్టాం. పిల్లి దాని చుట్టూ తిరిగి, పక్కనే రాయి మీద యోబు గారు పెట్టిన చేప తిని వెళ్లిపోయేది. రాయి ఖాళీగా ఉంచితే ఆకలికి బోనులోకి వస్తుందని మాతో వచ్చిన పశువుల డాక్టరు చెప్పి చూశాడు.

"రాయి ఖాళీగా ఉంచనండి. అది యేసమ్మ మాటండి," అన్నారు యోబు గారు. మెత్తగానే అన్నారు. డాక్టరు నా వైపు చూశాడు.

తొమ్మిదో రోజు పొద్దున్నే వెళ్లి ఆయన పక్కన గట్టు మీద కూర్చున్నాను. చెరువు మీద మంచు ఇంకా విడలేదు. గూడబాతులు నాలుగు దూరంగా తేలుతున్నాయి.

"ఏడుగురున్నారని మీరు నిజంగానే అనుకున్నారా యోబు గారూ?"

"ఏడుగురని కాదండి. ఇద్దరు ముగ్గురుంటారని మాత్రం అనుకున్నానండి, ఒట్టండి. చలికాలమొస్తే అరుపులు వినపడేవండి. కాసేపు ఇక్కడ అరుస్తుందండి, కాసేపటికి రెండో గట్టు మీద, తర్వాత ఆ చివర ఐదో గట్టు దగ్గర. ఒకటే అన్ని చోట్ల అరుస్తుందని ఎవరనుకుంటారండి?"

"జోడు కోసమండి ఆ అరుపు," అన్నాను. "ఒక గట్టు మీద పిలుస్తుంది. ఎవరూ పలకరు. ఇంకో గట్టుకి వెళ్లి పిలుస్తుంది."

ఆయన కర్రతో మట్టి గీకుతూ ఉండిపోయారు.

"ఎన్నేళ్లుగా వింటున్నారండీ?"

"నాలుగు చలికాలాలండి."

"నాలుగేళ్లు ఐదు గట్లూ తిరిగి పిలిచిందండి అది."

నేను ఆయన్ని ఒప్పించడానికే ఆ మాట అన్నాను. కానీ ఆ చలికాలాల్లో ఏలూరు గదిలో నేను కూడా ఉన్నాను కదా. నేను పిలవలేదు, అంతే తేడా.

"పలికేవాళ్లు అక్కడున్నారాండి?" అని అడిగారు.

"ఉన్నారండి. మగవి రెండున్నాయి. ఫోటోలున్నాయి, చూపిస్తాను."

"ఫోటోలొద్దండి. మీరు చెప్తే చాలండి."

లేచి వెళ్లి మూలన ఉన్న రాయిని రెండు చేతులా ఎత్తారు. బరువుకి నడుం వంగిపోయింది. నేను సాయం పట్టబోతే వద్దన్నారు. తీసుకెళ్లి బోను లోపల, చివరికంటా దూరి, అక్కడ పెట్టారు. దాని మీద ఒక శీలావతి చేపపిల్లని పెట్టి బయటికొచ్చి చేతులు పంచెకి తుడుచుకున్నారు. "ఇప్పుడొస్తుందండి," అన్నారు.

తెల్లారి వచ్చేసరికి పిల్లి బోనులో ఉంది. మొదటిసారి దాని మొహం చూశాను. ఎడమ చెవి కొసన పాత గాటు, పచ్చటి కళ్లు. మమ్మల్ని చూసి పళ్లు బయటపెట్టి బుసకొట్టింది. యోబు గారు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశారు.

"ఇంతేనాండి," అన్నారు. "ఇంత చిన్నదాండి."

మత్తిచ్చి జీపులోకి ఎక్కించేటప్పుడు రాయి తీసి ఇవ్వబోయాను. ఆయన అడ్డంగా తలూపారు. "దాంతోపాటు పోనివ్వండి. కొత్త చోటు కదండీ, తెలిసిన వాసన ఒకటుంటుందండి." జీపు గట్టు మలుపు తిరిగిపోయాక కూడా ఆయన అక్కడే నిలబడి ఉన్నారు. నేను జీపులోనే ఉన్నాను కాబట్టి ఎంతసేపు నిలబడ్డారో నాకు తెలియదు.

ఫిబ్రవరిలో మడ అడవి నుంచి వచ్చిన ఒక గొట్టంలో దాని డీఎన్ఏ దొరికింది. బతికే ఉందని జ్యోత్స్న చెప్పింది. రిపోర్టు పూర్తి చేసి కొల్లేరు ఎదురుగా పిల్లుల లెక్క సున్నా అని రాశాను. దాంతో అక్కడ నాకు పని అయిపోయింది. గురువారాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. గదిలో కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. ఎనిమిదయ్యేసరికి ఇప్పుడు మొదటి గట్టు, మధ్యాహ్నానికి ఇప్పుడు టీ అని ఒళ్లే చెప్పేది. వెళ్లాలని ఉండేది. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? పనుంటే ఆ వంకతోనైనా వెళ్లొచ్చు. పనీ లేదు, పైగా రేడియో కొనుక్కోమన్న మాట నా నోటి నుంచే వచ్చింది.

మార్చిలో ఒక బుధవారం సాయంత్రం ఫోన్ మోగింది.

"మేడం గారండీ, యోబునండి. కొత్తది పడిందండి. ఐదో గట్టు మీదండి."

మర్నాడు తెల్లారకుండానే లేచాను. ఇంకో పిల్లి ఎక్కడి నుంచో వచ్చి ఉండొచ్చు. మేము గాలించింది ఆకివీడు దాకానే, దాని అవతల ఎంత నేల లేదు? దారంతా నన్ను నేను ఇలాగే ఊరించుకుంటూ వెళ్లాను. గుండుగొలను దగ్గర హైవే దిగేటప్పటికి ఆ పిల్లికి పేరు కూడా పెట్టేశాను.

యోబు గారు బాగా చిక్కిపోయారు. పాక గుంజకి కొత్త రేడియో ఒకటి వేలాడుతోంది, నోరు మూసుకుని. దాని మీద నా చూపు పడడం ఆయన గమనించారు.

"మీరు చెప్పారని కొన్నానండి," అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. "మంచిదేనండి. కానండి, అదే మాట్లాడుద్దండి. మనం చెప్పేది వినదండి."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "తప్పుగా అన్నానండీ ఆ రోజు," అన్నాను.

"అయ్యో, అదేం మాటండి. వరసనే చూసుకుంటూ వెళ్దామాండి?"

మొదటి గట్టు మూలన రాయి ఉండే చోట నేల ఇంకా అణిగి ఉంది. రెండో గట్టు మీద తవుడు ధర గురించి చెప్పారు. మూడో గట్టు మీద టీ తాగాం. నాలుగో గట్టు మీద మా నాన్న షాపు గురించి నేను చెప్పాను, ఆయన విన్నారు. ఐదో గట్టు చివర, గడ్డి మీద, నాకు కనపడేలా అది ఉంది.

ఒక్క చూపుకే తెలిసిపోయింది. ఎండి సున్నంలా తెల్లబడింది, ఏడాది పైబడినది. ఒక పక్కన పేపరు మడత అచ్చు స్పష్టంగా ఉంది, తెలుగు అక్షరాలు రెండు తిరగబడి అంటుకుని ఉన్నాయి. బిస్కెట్ల డబ్బాలోని మూడు పొట్లాల్లో ఒకటి.

యోబు గారు నా పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నా మొహంలోకి చూడలేక చెరువు వైపు చూస్తున్నారు. నేను సంచీ దింపి గ్లవుజులు వేసుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని, ఎప్పటిలాగే, పట్టకారుతో తీసి గొట్టంలో పెట్టి మూత బిగించాను. చీటీ మీద తేదీ రాశాను. గట్టు నంబరు దగ్గర ఐదు అని రాశాను. ఆ గొట్టం ల్యాబ్‌కి వెళ్లదు, రిపోర్టులో సున్నా సున్నాగానే ఉంటుంది.

"ఏమంటారండి?" అన్నారు యోబు గారు, మెల్లిగా.

"ఒక్కదాంతో ఏం చెప్పలేమండీ," అన్నాను. "వచ్చే గురువారం కూడా వచ్చి ఐదు గట్లూ చూడాలి."

"ఆయ్," అన్నారాయన. "పులుసు పెట్టి ఉంచుతానండి."

డబ్బాలో ఇంకా రెండున్నాయి.